గేటు కాడి కుర్చీ

నాకు కోపం జర జల్ది వస్తది. ముందే చెప్తున్న, ఈ ముచ్చట మధ్యల నేను గరమైతే మీరేమనుకోవద్దు.

నేను ఎల్లమ్మను. ఖాజాగూడ చెరువు దాటి జర ముందటికి పోతే ఒక పెద్ద అద్దాల బిల్డింగు ఉంటది, అండ్ల లాబీల లేడీ సెక్యూరిటీ డ్యూటీ నాది. మా ఆయన మల్లయ్యది అదే బిల్డింగు మెయిన్ గేటు. గేటు కాడికెల్లి చూస్తే లాబీ అద్దాలల్ల నేను సాఫ్ కనవడత, నాకు ఆయన కనవడతడు. ఇద్దరి చేతులల్ల వాకీటాకీ సెట్లు. సెట్టుల పేర్లు పెట్టి పిలవొద్దని రూలు. నన్ను 'లాబీ' అనాలె, ఆయనను 'గేటు' అనాలె. మొగుణ్ణి మొకం మీద పేరు పెట్టి పిలువని దాన్ని, నాకైతే ఈ రూలు మంచిగనే కలిసొచ్చింది. పుప్పాలగూడల మా కిరాయి రూమ్ల గూడ ఒక్కోపారి "గేటూ, బువ్వ తింటవా" అని పిలుస్త.

పొద్దంత ఇద్దరం నిలబడుడే. కూసుంటే చూసెటోళ్లకు బాగుండదట. చూసెటోళ్ల కండ్లకేమో గాని మా ఆయన కాళ్ల నరాలు ఉబ్బి, మెలికలు తిరిగి, నీలం రంగు పడ్డయి. బస్తీ దవాఖాన డాక్టరమ్మ చూసి, "కూసొని చేసే పనైతే చెయ్యి, లేకుంటే మానెయ్యి" అని ఒక్కటే మాట చెప్పింది. మానేసి ఏం జేస్తడు చెప్పుండ్రి? ఆ గేటంటే ఆయనకు పానం. ఏ కారు ఎవలది, ఎవలింట్ల బిడ్డ పుట్టింది, ఎవలు కొత్త బండి కొన్నరు, అన్నీ ఎరుకే. ఇంట్ల పండవెడితే మనాది పెట్టుకుంటడు. ఒకపారి నీళ్ల బకీటు బోర్లిచ్చి కూసుంటే ఎవడో ఫోటో తీసి పైకి పంపిండు. ఇంకొకపారి కూసున్నట్టు కనవడితే డ్యూటీ పోతదని చెప్పిన్రు. బకీటు మీద కూసునుడు గూడ తప్పేనా? నాకు ఇప్పటికీ మంట ఆరలే.

గసుంటప్పుడు ఈ బిల్లు సంగతి తెలిసింది. చెప్పింది మా బిల్డింగు మేనేజరు పట్టాభిరామయ్య సారు. ఆయనది భీమవరం దిక్కు. మనిషి మంచోడు, కని ఉత్త భయస్తుడు. లిఫ్టు ఆగినా చెమట పడతది, నడిచినా చెమట పడతది.

"అసెంబ్లీలో కొత్త బిల్లు పెట్టారమ్మా. కంపెనీలకి పర్మిషన్లన్నీ ఒకేచోట ఇచ్చేస్తారు. షిఫ్టులు, సెలవులు, అన్నీ అందులోనే ఉన్నాయి. కంపెనీల వాళ్లందరికీ సంతోషమే. కానీ మధ్యలో ఒక్క లైను ఉందండి, నిలబడి పనిచేసేవాళ్లకి కూర్చునే వీలు కల్పించాలని. అది మింగుడు పడట్లేదు వాళ్లకి."

ఆ లైను కాడ అసెంబ్లీల లొల్లి అయ్యిందట. గందుకే బిల్లును ఒక కమిటీకి ఇచ్చిన్రు. అంటే కొంతమంది ఎమ్మెల్యేలు ఒక్కకాడ కూసొని, బిల్లు లైను లైను చదివి, కంపినోళ్లను పిలిచి అడిగి, పనోళ్లను పిలిచి అడిగి, ఏది ఉంచాలె, ఏది మార్చాలె, ఏది కొట్టెయ్యాలె అని రిపోర్టు రాసి మళ్ల అసెంబ్లీకి ఇస్తరు. ఈ కమిటీ పెద్ద రత్నమాల మేడం. కాయితాల మీద చూస్తే కాదు, పోయి చూస్తా అన్నదట. ఏ బిల్డింగుకు పోదామంటే మా బిల్డింగు పేరు వచ్చింది.

ఇగ చూడుండ్రి తమాష. వాళ్లొచ్చే ముందటి దినం పట్టాభిరామయ్య సారు గేటు కాడికి ఒక కుర్చీ తెప్పిచ్చిండు. నల్లటి తిరుగుడు కుర్చీ, కింద చక్రాలు, మీద ప్లాస్టిక్ కవరు.

"మల్లయ్య గారూ, రేపొక్కరోజు దీనిలో కూర్చోండి. ఎవరైనా అడిగితే ఎప్పుడూ ఇక్కడే ఉంటుందని చెప్పండి. కవరు మాత్రం తియ్యకండి, కాన్ఫరెన్స్ హాల్‌ది. ఎల్లుండి పైకి పంపించెయ్యాలి."

నేను టీ తాగనీకి గేటు కాడికొచ్చిన, గట్లనే నిలబడ్డ.

"సారూ, ఎందుకీ నాటకం?"

"పైవాళ్లు చెప్పారమ్మా. కుర్చీలు మేము ఇస్తూనే ఉన్నాం, చట్టం ఎందుకు అని అడుగుతారట. అప్పుడు ఆ లైను తీసేస్తారు."

అంటే ఏందన్నట్టు? రేపు ఈయన కుర్చీల సక్కగ కూసుంటే ఆ లైను పోతది, లైను పోతే ఎల్లుండి సంది కుర్చీ పోతది. కూసోనంటే రేపే కొలువు పోతది. ఎటు చూసినా మునిగేది మేమే. నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

"కూసుంటతీ," అన్నడు మా ఆయన. "ఒక్కరోజన్న కూసోనియ్యి నన్ను." ఆ మాటకు నాకు కోపమొచ్చిందా ఏడుపొచ్చిందా తెలుస్తలేదు. టీ అట్లనే పారవోసి లోపటికి వచ్చిన.

తెల్లారి కమిటీ బస్సు వచ్చింది. మా ఆయన పెండ్లి పిలగాని లెక్క కుర్చీల కూసున్నడు. బస్సు గేటు ముందట ఆగిందో లేదో లేచి సెల్యూట్ కొట్టిండు. రత్నమాల మేడం దిగి, "కూసో పెద్దయ్యా" అన్నది. కూసున్నడు. ఎనక ఇంకో ఎమ్మెల్యే దిగిండు. లేచిండు, సెల్యూట్. "కూసోవయ్యా." కూసున్నడు. ఇంకొకాయన దిగిండు. మళ్ల లేచిండు. నేను లాబీలకెల్లి చూస్తున్న, నవ్వాల్నా మొత్తుకోవాల్నా? ఆఖరు మనిషి దిగేసరికి మా ఆయన కాళ్లు వణుకుతున్నయి, కుర్చీ చక్రాల మీద జరిగి గోడకు పోయి తగిలింది.

ఇదంతా చూసుకుంట ఒకాయన ముసిముసి నవ్వుతున్నడు. ఆయన పార్థసారథి, బిల్డింగుల ఓనర్ల సంఘం తరఫున మాట్లాడనీకి వచ్చిండు. పైన హాల్ల అందరు కూసున్నంక లేచి, "చూశారు కదా మేడం. కుర్చీలు మేము ఇస్తాం, వాళ్లే కూర్చోరు. పెద్దవాళ్లు వస్తే లేవడం వాళ్ల అలవాటు. అలవాటుని చట్టం మారుస్తుందా? ఆ ఒక్క లైను తీసెయ్యండి, మిగతా బిల్లు బ్రహ్మాండం" అన్నడు.

పనోళ్ల తరఫున నన్ను పిలిచిన్రు. "ఇక్కడ చెప్పినదానికి నిన్నెవ్వరు ఏమనొద్దు, అంటే కమిటీ ఊకోదు. భయపడకుండ చెప్పు" అన్నది మేడం. భయమా? నాకా? లేచి సక్కగ ముందటికి పోయిన.

"అమ్మా, ఆ కుర్చీ నిన్న వచ్చింది, రేపు పోతది. మీద ప్లాస్టిక్ కవరు గూడ తియ్యలే. మా ఆయన కాళ్లు చూస్తే మీకు తెలుస్తది, కుర్చీ ఎప్పటిసంది ఉన్నదో."

మేడం పట్టాభిరామయ్య సారు దిక్కు చూసి, "నిజమేనా?" అని అడిగింది. సారు జేబురుమాలు తీసిండు, మొకం తుడుచుకున్నడు, మెడ తుడుచుకున్నడు. ఇగ ఈయన మునిగిండు, మేము గూడ మునిగినం అనుకున్న.

"నిజమేనండి," అన్నడు. "కాన్ఫరెన్స్ హాల్‌దండి." గా మాట అన్నంక ఆయనకు చెమట ఆగింది, నా కండ్లార చూసిన.

కని ఆ మూలకు కూసున్న ఎమ్మెల్యే ఒకాయన ఒక మాట అడిగిండు. "అమ్మా, కుర్చీ నిన్ననే వచ్చిందనుకో. కని మేము కూసోమన్నా నీ మొగుడు కూసోలే గద? రేపు చట్టం చేసినా గట్లనే లేస్తే ఏం లాభం?"

ఆ మాట అబద్ధం కాదు, గదే నాకు మంటెక్కిచ్చింది.

అప్పుడు రత్నమాల మేడం అన్నది. "మేం రిపోర్టు రాసే లోపల మళ్లొస్తం. చెప్పకుంట వస్తం. గేటు కాడ ఒకటి, లాబీల ఒకటి, కుర్చీలు ఉండాలె, కవర్లు తియ్యాలె, అప్పటిదాంక ఎవ్వల కొలువు ముట్టుకోవద్దు. మనుషులు కూసుంటే ఆ లైను ఉంటది. కూసోకుంటే పార్థసారథి గారికి చెప్పనీకి నా దగ్గర గూడ జవాబు లేదు."

గంతే. మొత్తం మా ఆయన నడుము మీద పడ్డది.

గా రోజు సంది ఇంట్ల ట్రైనింగు షురూ. ఆయనను స్టూలు మీద కూసోవెట్టి, నేను గిన్నె మీద గంటెతోని కొట్టుకుంట "పాంపాం, కారొచ్చింది" అనేదాన్ని. తటాలున లేచెటోడు.

"ఏందయ్యా, బుద్ధుందా? కూసోమంటే లేస్తవేంది?"

"నేనేడ లేస్తున్ననే? నా నడుము లేస్తుంది" అనెటోడు.

ఒడిల పల్లీలు పోసే ఉపాయం నాదే. లేస్తే పల్లీలన్నీ కింద పడతయి, పల్లీలంటే ఆయనకు మస్తు ఇష్టం. గేటు కాడ గూడ టోపీ నిండ పల్లీలు ఒడిల పెట్టుకొని కూసునెటోడు. మొదట్ల రోజూ కింద పోసుడే. పల్లీలకు పావురాలు వచ్చినయి. ఒకటొచ్చి, దాని చుట్టాలను గూడ పిలిచింది.

"గేటు దగ్గర ఈ పావురాలేంటండీ?" అని మొత్తుకున్నడు పట్టాభిరామయ్య సారు. సంగతి చెప్తే నవ్వి, తన కారు తీసుకొని లోపటికి, బయటికి, లోపటికి, బయటికి తిరుగుడు షురూ చేసిండు. హారన్ కొట్టుకుంట, అద్దంలకెల్లి తల బయటికి పెట్టి, "లేవకండి మల్లయ్య గారూ! లేవకండి!" అని అరిచెటోడు. ఐటీ పోరలు ఫోన్లల్ల వీడియో తీసుకున్నరు. జర జర చేసి పల్లీలు పడుడు తక్కువైంది, పావురాలు అలిగి పోయినయి.

ఒక పొద్దున లాబీల నేను వచ్చెటోళ్ల బ్యాగులు చూస్తున్న. గేటు ముందట ఒక బస్సు ఆగింది. అదే బస్సు. సెట్టుల చెప్దామని చెయ్యి పెట్టేలోపలే బస్సు తలుపు తెరుసుకున్నది. రత్నమాల మేడం దిగింది, ఎనక ఎమ్మెల్యేలు, ఆఖరుకు పార్థసారథి. మా ఆయన ఒక చెయ్యి పల్లీల టోపీ మీద గట్టిగ పెట్టుకున్నడు, ఇంకో చెయ్యి ఎత్తి కూసునే సెల్యూట్ కొట్టిండు. లేవలే. ఒక్కొక్కలు దిగుతున్నరు, ఆయన కూసునే నమస్తే పెడుతున్నడు. మొకమంత చెమట, కని లేవలే. నా మొగుడు లేవలే! కండ్లల్ల నీళ్లొచ్చినయి నాకు, ఊకె చెప్తలేను.

అందరు లాబీలకు వచ్చిన్రు, పట్టాభిరామయ్య సారు గూడ ఉరికొచ్చిండు. మేడం నా ముందటికి వచ్చి ఆగింది. ఎనకనుంచి పార్థసారథి, "మరి ఇదేంటి మేడం?" అన్నడు.

ఏంది అని చూసుకుంటే, నేను నిలబడి ఉన్న. సెల్యూట్ కొట్టి, కాళ్లు దగ్గర పెట్టి, కట్టె లెక్క. నా కుర్చీ ఎనకకు జరిగిపోయి మూలకు ఉన్నది. ఎప్పటిసంది నిలబడ్డనో నాకే ఎరుక లేదు. ఆయనకు నేర్పుకుంట నేర్పుకుంట, నా కుర్చీల నేను ఒక్కరోజన్న కూసున్ననా? యాదికొస్తలేదు.

"చూశారా, ఇదే నేను చెప్పింది" అన్నడు పార్థసారథి. అంతా నా చేతులతోనే ఖరాబు చేసిన అనుకున్న.

అప్పుడు నా నడుముకున్న సెట్టు గరగరలాడింది.

"లాబీ, లాబీ. గేటు మాట్లాడుతున్న. కూసో. ఓవర్."

నేను అట్లనే ఉన్న.

"లాబీ, నాకు కనవడుతున్నవు. ఎంత పెద్ద మేడం వచ్చినా లేవొద్దని నాకు చెప్పింది నువ్వే. పల్లీలు పంపియ్యాల్నా? ఓవర్."

ముందు పట్టాభిరామయ్య సారు నవ్విండు. తర్వాత మేడం, తర్వాత అందరు. మేడమే పోయి నా కుర్చీని నూకుకుంట తెచ్చి నా ఎనక పెట్టింది. నేను కూసున్న. కూసున్నంక తెలిసింది, నా మోకాళ్లు గూడ గుంజుతున్నయని. ఎన్నేండ్ల సంది గుంజుతున్నయో ఏమో. ఆయన కాళ్ల ఫికర్ల పడి, నా కాళ్ల సంగతి నన్ను నేను గూడ అడగలే.

మేడం తన పక్కన రాసుకునేటాయనతోని అన్నది. "లైను ఉంటది, కని మారుస్తున్నం. ఉత్త కుర్చీ ఇస్తే సరిపోదు. ఎవ్వలొచ్చినా డ్యూటీల ఉన్న మనిషి లేవాల్సిన పని లేదు, కూసున్నందుకు ఎవ్వల కొలువు పోవద్దు. గట్ల రాయుండ్రి."

"నా అభ్యంతరం నేను రాసి ఇస్తాను మేడం" అన్నడు పార్థసారథి.

"ఇయ్యుండ్రి, దాన్ని గూడ అసెంబ్లీ ముందట పెడతం" అన్నది మేడం నవ్వుకుంట.

బిల్లు ఇంకా అసెంబ్లీకి పోవాలె, మళ్ల లొల్లి అవుతది, అది నాకు ఎరుకే. అయినా నేను సెట్టు తీసి, బటన్ ఒత్తి చెప్పిన.

"గేటు, గేటు. లాబీ కూసున్నది. ఓవర్."