మెట్ల మీద చెప్పిన మాట

ఆదివారం పొద్దున బాత్రూం కడిగాక, ఆమె అక్కడున్న బరువు మెషీను ఎక్కేది. ఎక్కేది అనడం కంటే ఎక్కించేవాళ్ళు అనడం సబబు. భర్త గుమ్మంలో నిలబడి "రా, లోడు తీసుకురా" అనేవాడు. అతనిది ఊరి చివర లారీల కాటా దగ్గర ఉద్యోగం. ఖాళీ లారీ ఎంత, సరుకుతో ఎంత అని రోజంతా చూసి చీటీ ఇచ్చే పని. ఇంటికొచ్చినా ఆ చూపు మారేది కాదు. మెషీను ముల్లు చూసుకోవాలంటే ఆమె ముందుకి వంగాలి. వంగితే ముల్లు ఊగుతుంది. అందుకని అతనే వంగి చదివి, హాల్లో కూర్చున్న తల్లికి వినపడేట్టు చెప్పేవాడు.

"కదల్లేదమ్మా. పోయిన వారం ఎక్కడుందో అక్కడే ఉంది."

"ఎలా కదులుతుంది నాయనా. గిన్నె అడుగున మిగిలిందంతా నోట్లో వేసుకుంటే."

మిగిలింది పారేస్తే, డబ్బులేమన్నా చెట్లకి కాస్తున్నాయా అనేదీ ఆవిడే. ఆమె తడి పాదాలతో మెషీను దిగి, పాదాల గుర్తులు గుడ్డతో తుడిచేది. "కాటా అబద్ధం చెప్పదు" అంటూ భర్త ఆ మెషీన్ని కాలితో గోడవారకి తోసేవాడు. ఒక్కోసారి అది గోడదాకా పోయేది, ఒక్కోసారి దారిలోనే ఆగేది. ఆగినప్పుడు ఆమె వంగి సర్దేది. ఆ ఇంట్లో సగంలో ఆగిన పనులన్నీ ఆమె వంగి సర్దేవే.

వాళ్ళుండేది నాలుగో అంతస్తు. లిఫ్టు పేరుకి ఉంది. దాని తలుపు దగ్గర ఎవరో పాత సైకిలు కట్టేశారు, అదీ తుప్పు పట్టింది.

ఇంట్లో అతను పెద్దగా మాట్లాడే మనిషి కాదు. టీవీ ముందు కూర్చుంటే ఊఁ కొట్టడమే. అసలు సంగతులన్నీ మెట్ల మీద చెప్పేవాడు. తను ముందు చేతులూపుకుంటూ, ఆమె సంచులతో వెనక. వెనక్కి తిరిగేవాడు కాదు, గోడకి చెప్పినట్టు చెప్పేవాడు. అమ్మ ఇకనుంచి మన దగ్గరే ఉంటుంది అన్నది మెట్ల మీదే. పిల్లని హాస్టల్లో వేస్తున్నా అన్నదీ అక్కడే. మీ తమ్ముడి పెళ్ళికి అందరూ ఎందుకు, నేనొక్కణ్ణి మొహం చూపించి వస్తా అన్నదీ అక్కడే. మొదటి మలుపు దాటేసరికే ఆమెకి గుండె గొంతులోకొచ్చేది. నోరు తెరిస్తే గాలి వచ్చేది గాని మాట వచ్చేది కాదు. పైకి చేరి, సంచులు దించి, గోడకి ఆనుకుని ఊపిరి కూడదీసుకునేసరికి అతను తాళం తీసి, చెప్పులు విడిచి, టీవీ పెట్టేసేవాడు. అప్పుడు కదిపితే ఒకటే జవాబు.

"మెట్ల మీద చెప్పాగా. అప్పుడేం అనలేదే."

కావాలనే చేస్తాడా, అలవాటుగా చేస్తాడా అని ఆమె చాలా ఏళ్ళు ఆలోచించింది. గిన్నెలు తోముతూ ఆలోచించింది, బట్టలు ఆరేస్తూ ఆలోచించింది. తేలలేదు. కావాలనే అయినా అలవాటే అయినా ఎక్కాల్సిన మెట్లు మారవు కదా అని ఊరుకుంది.

ఊరుకోలేని మాట ఒకటుంది. ఆ రోజు ఇద్దరూ బజారు నుంచి వస్తున్నారు. కింద గేటు దగ్గర ఉండగా తమ్ముడి ఫోను వచ్చింది. అమ్మకి బాగాలేదు, నిన్నే అడుగుతోంది, బయల్దేరు అన్నాడు. ఆమె భర్త మొహం చూసింది. అతను అప్పుడే మెట్లెక్కడం మొదలుపెట్టాడు. "ముసలితనం అన్నాక వస్తుంటాయి పోతుంటాయి. వచ్చే వారం చూద్దాంలే." లేదు, ఇవాళే వెళ్తాను అందామనుకుంది. మాట నాలుక మీదే ఉంది. రెండు చేతుల్లో సంచులు, వీపంతా చెమట, మూడో అంతస్తు పూలకుండీల దగ్గర కళ్ళు బైర్లు కమ్మి రెయిలింగు పట్టుకుంది. మాట నోట్లోంచి బయటికొచ్చేసరికి ఆమె వంటింట్లో ఉంది. అతను హాల్లోంచి "మెట్ల మీద చెప్పాగా" అన్నాడు. ఆమె తల్లి ప్రాణం వారం ఆగలేదు.

తరవాత ఎవరూ ఆమెని ఏమీ అనలేదు. తమ్ముడు కూడా అనలేదు. అదే ఆమెకి ఎక్కువ బాధ.

ఆమెకీ ఉద్యోగం ఉంది. బస్టాండులో మైకు ముందు కూర్చుని ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికొస్తుందో చెప్పే పని. గాజు గది, చప్పుడు చేసే ఫ్యాను, సీటు చిరిగిన కుర్చీ. ఇంట్లో పిల్లి నడిచినంత చప్పుడు కూడా చేయని మనిషి, అక్కడ నోరు తెరిస్తే వందలమంది సంచులు భుజానేసుకుని లేచేవాళ్ళు. ఆమె చెప్పిన వైపు నడిచేవాళ్ళు. ఎందుకు, ఏమిటి అని ఒక్కరూ అడిగేవాళ్ళు కాదు. రోజుకి ఒక పూటైనా తన మాట మీద లోకం కదులుతుందని ఆమెకి తెలిసిన చోటు అదొక్కటే.

ఒక సాయంత్రం క్యాంటీన్‌లో ఉండగా బస్సు ముందే వచ్చేసింది. ఆమె పరుగెత్తుకొచ్చి మైకు నొక్కింది. బస్సు పేరు చెప్పింది. ప్లాట్‌ఫారం చెప్పబోతే ఊపిరి అందలేదు. మైకు నొక్కే ఉంది. కొలిమి తిత్తిలాంటి ఆయాసం బస్టాండంతా వినపడింది. జనం తలో దిక్కుకీ పరుగెత్తారు. ఒక చంటిపిల్ల తల్లి పడిపోయింది. పెద్ద దెబ్బేం కాదు, మోచెయ్యి దోక్కుపోయింది.

బస్టాండు కంట్రోలరు ఆమె గది తలుపు తీసి నిలబడ్డాడు. "ఏంటమ్మా, బస్సుని నెత్తిమీద పెట్టుకుని మోసుకొచ్చావా?" వెనక ఉన్న డ్రైవర్లు నవ్వారు. "మైకులో వింటే సన్నజాజి. తలుపు తీసి చూస్తే..." అని మిగతాది వాళ్ళకి వదిలేశాడు. వాళ్ళు దాన్ని పూర్తి చేసుకుని ఇంకాసేపు నవ్వారు.

ఆమెకి నవ్వులు కొత్త కాదు. కానీ ఆ మోచెయ్యి కళ్ళ ముందునుంచి పోలేదు. బరువు సంగతి కాదిది, ఊపిరి సంగతి అని ఆ రోజు తోచింది. బరువుకి ముల్లు ఉంది, దాన్ని చదవడానికి మొగుడున్నాడు. ఊపిరికి కాటా ఎక్కడుందో అని ఆలోచించుకుంటూ ఇంటికి నడిచింది. మెట్ల ముందు నిలబడితే అది అక్కడే ఉంది.

మర్నాటి నుంచి భోజనాల వేళ బస్టాండు మీది కాలివంతెన ఎక్కి దిగడం మొదలుపెట్టింది. గిన్నె అడుగున మిగిలింది పారేయడం మొదలుపెట్టింది. చెట్లకి కాస్తున్నాయా అని అత్తగారు అన్నా పారేసింది. సాయంత్రం ఒంటరిగా ఇంటికొచ్చేటప్పుడు, మెట్లెక్కుతూ పైకే మాట్లాడేది. ఏం మాట్లాడాలో వెతుక్కోనక్కర్లేకపోయింది. ఆ రోజు అనలేకపోయిన మాటే. మొదట్లో మొదటి అంతస్తు చెప్పుల స్టాండు దాకా వచ్చి "లేదు" అనేది, అక్కడితో సరి. కొన్నాళ్ళకి రెండో అంతస్తులో దర్జీ ఇంటి ముందు "లేదు, ఇవాళే వెళ్తాను" అనగలిగింది. ముల్లు కదల్లేదని ఆదివారం అతను చెబుతుంటే, దర్జీ గుమ్మం దాటాను కదా అని లోపల అనుకునేది. పైకి చెప్పలేదు. చెబితే దాన్ని కూడా వంగి చదువుతాడు.

ఒక రోజు దర్జీ మిషను ఆపి తొంగి చూసింది. "ఎవరితోనక్కా మాట్లాడుతున్నావ్?"

"మా అమ్మతో."

"ఫోన్లోనా?"

"కాదు."

దర్జీ మర్నాటి నుంచి ఆమె అడుగుల చప్పుడు వినపడితే కాసేపు మిషను ఆపేది.

పూలకుండీల దగ్గరికి చేరడానికి ఎండాకాలమంతా పట్టింది. కళ్ళు బైర్లు కమ్మిన చోటే నిలబడకుండా, రెయిలింగు పట్టుకోకుండా, "లేదు, ఇవాళే వెళ్తాను, మా అమ్మ నన్ను అడుగుతోంది, మీరు వచ్చినా రాకపోయినా వెళ్తాను" అని మొత్తం అంది. నాలుగో అంతస్తు దాకా వెళ్ళి తలుపు ముందు ఇంకోసారి అంది. సంతోషం కలుగుతుందనుకుంది. కలగలేదు. ఇంత మాటకి ఇన్నేళ్ళా అనిపించింది. మెట్టు మీద కూర్చుని, కొంగులో మొహం పెట్టుకుని, అత్తగారికి వినపడకుండా ఏడ్చింది. తరవాత తలుపు తీసి, లోపలికెళ్ళి, పొయ్యి వెలిగించింది.

ఆ ఆదివారం ముల్లు కొంచెం కదిలింది. "మెషీను చెడిపోయిందేమో" అన్నాడు భర్త. కాలితో తోశాడు. అది గోడదాకా పోలేదు. ఆమె చేతుల్లో అత్తగారు విడిచిన బట్టలున్నాయి, పొయ్యి మీద పాలున్నాయి. వంగి సర్దలేదు.

మర్నాడు తెల్లవారకముందే బాత్రూంలో చప్పుడైంది. అత్తగారి కాలు మెషీను అంచుకి తగిలింది. తుంటి ఎముక విరిగింది.

ఆసుపత్రి వరండాలో అతను గోడకి ఆనుకుని నిలబడి అన్నాడు. "చెప్పినట్టు తగ్గి ఉంటే ఆ మెషీను ఎప్పుడో అటకెక్కేది. అమ్మ పడేది కాదు." ఆమె అతని చెప్పు వైపు చూసింది. మెషీన్ని తోసిన కాలు అదే. ఆ మాట అనడానికి ఊపిరి ఉంది. లోపల ముసలావిడ నొప్పికి అరుస్తోంది. ఇప్పుడు కాదులే అనుకుంది.

ఆపరేషనయ్యాక ఆసుపత్రిలో ఉన్నన్ని రాత్రులూ ఆమె మంచం పక్కన నేల మీద పడుకుంది. అతను పొద్దున పేపరు పట్టుకుని వచ్చి, తల్లి నుదురు తాకి, కాటాకి వెళ్ళేవాడు. ఇంటికి తెచ్చాక బెడ్‌పాన్ పెట్టడం, తియ్యడం, ఒళ్ళు తుడవడం, పక్కకి తిప్పడం అన్నీ ఆమెవే. ఒంటిచేత్తో ముసలావిడ వీపు ఎత్తి, రెండో చేత్తో దుప్పటి మార్చగలుగుతోంది. ఒకసారి అత్తగారు ఆమె భుజం పట్టుకుని "నీకు బలమొచ్చిందే అమ్మాయ్" అంది. ఆ ఇంట్లో ఆమె విన్న మంచి మాట అదొక్కటే. విని వారం తిరక్కుండా అది ఆమె మెడకే చుట్టుకుంది.

ఆమె పెట్టిన సెలవు అయిపోవచ్చింది. ఆ సాయంత్రం ముసలావిడ నిద్రపోతుంటే ఇద్దరూ మందుల కొట్టుకి వెళ్ళొచ్చారు. మందులు, దూది, పెద్దవాళ్ళకి కట్టే డైపర్ల పెట్టె ఆమె చేతుల్లో ఉన్నాయి. తాళం చెవి అతని చేతిలో ఉంది. చెప్పుల స్టాండు దాటగానే అతను మొదలుపెట్టాడు, గోడతో.

"మీ కంట్రోలరుతో మాట్లాడేశా. ఒకటో తారీఖు నుంచి నువ్వు రావని చెప్పా."

దర్జీ మిషను ఆగింది.

"ఆయన కూడా మంచి పనే అన్నాడు. మైకు ముందు ఎవరో ఒక పిల్లని కూర్చోబెడతాట్ట. ఆయాని పెడితే జీతమిచ్చి మళ్ళీ దానికి మనం కాపలా కాయాలి. అమ్మే అంది, కోడలు ఒంటిచేత్తో ఎత్తుతోందని. ఇంట్లో ఉంటే..." ఇక్కడ అతను ఆగి గాలి పీల్చుకున్నాడు. "ఇంట్లో ఉంటే నీ బరువు సంగతి కూడా చూసుకోవచ్చు."

గాజు గది కళ్ళ ముందుకొచ్చింది. చిరిగిన కుర్చీ, చప్పుడు చేసే ఫ్యాను. సంచులు భుజానేసుకుని లేచే జనం. వెనకనుంచి ఆయాసం వినపడటం లేదని అతను గమనించలేదు. ఇన్నేళ్ళూ అతను వెనక్కి తిరిగి చూసింది లేదు, ఇప్పుడు చూడటానికి. పూలకుండీల దగ్గర అతని అడుగు బరువెక్కింది. ఒక చెయ్యి మోకాలి మీద వేసుకుని ఆగాడు. ఆమె ఒత్తిగిలి, పెట్టె గోడకి తగలకుండా ఎత్తిపట్టుకుని, అతన్ని దాటి పైకెళ్ళింది.

సంచులు దించి తలుపు ముందు నిలబడింది. అతను ఒక్కో మెట్టూ ఎక్కి వస్తున్నాడు. మొహం ఎర్రబడింది, నోరు తెరుచుకుని ఉంది. ఇప్పుడే అనేయొచ్చు. అంటే అతను ఒక్క ముక్క కూడా బదులు చెప్పలేడు. అది ఎలా ఉంటుందో ఆమెకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. అందుకే ఆగింది.

లోపల్నుంచి అత్తగారు "వచ్చారా నాయనా" అని పిలిచింది. అతను తాళం వైపు చెయ్యి చాపాడు. ఆమె అడ్డంగా నిలబడింది.

"ఏంటి?"

"కాసేపు ఊపిరి తీసుకోండి. ఒక మాట చెప్పాలి."

అతను తీసుకున్నాడు. ఆమె అతని రొమ్ము ఎగిరిపడటం మానేదాకా చూసింది. తరవాత మైకులో చెప్పే గొంతుతో, తొందర లేకుండా, ఎక్కడా తెగకుండా చెప్పింది.

"సోమవారం నేను డ్యూటీకి వెళ్తున్నాను. ఒకటో తారీఖు తరవాత కూడా వెళ్తాను, కంట్రోలరుకి ఆ సంగతి నేనే చెప్పుకుంటాను. పగలు అత్తయ్యకి మనిషిని పెట్టండి, లేదా మీరు సెలవు పెట్టండి. రాత్రి నేను చూస్తాను. ఆ మెషీన్ని కాలితో తోసింది మీరు. దాన్ని నేనింక ఎక్కను."

ఆ గొంతు నాలుగంతస్తులూ దిగి కింద సైకిలు దాకా వెళ్ళింది. ఎక్కడో తలుపు తెరుచుకుంది. అతను చేతిలో తాళం చెవి తిప్పుకున్నాడు. అలవాటైన మాటే దొరికింది.

"మెట్ల మీద చెప్పాగా. అప్పుడేం అనలేదే."

"అప్పుడే అనుంటే మీకు ఊపిరి అందేది కాదు," అంది ఆమె. "ఇప్పుడు అందుతోందిగా. చెప్పండి, వింటాను."