దాచుకున్న మంత్రం

నిద్రలో బిడ్డ ఊపిరి ఆగిపోతుందేమోనన్నది ఆమెకున్న భయాలన్నిట్లోకీ పెద్దది. ఏమీ లేదమ్మా అని డాక్టరు చెప్పాడు. అయినా గిన్నెలు తోముతూ తోముతూ లేచి, తడి చెయ్యి తుడుచుకుని, ఉయ్యాల దగ్గరికి వెళ్లి పాప ముక్కు కింద వేలు పెట్టి చూసేది. వెచ్చగా తగిలితే మళ్లీ గిన్నెల దగ్గరికి. బిడ్డ పుట్టినప్పటి నుంచీ ఆమె కంటి మీద కునుకు లేదు.

ఆ మధ్యాహ్నం మరిది ఇద్దరు స్నేహితులతో, ఒక కళ్లజోడబ్బాయి, ఒక లావుపాటి అబ్బాయితో, ముందుగదిలో పాచికలు ముందేసుకుని కూర్చున్నాడు. ఒకడు రాక్షసులూ గుహలూ ఉన్న లోకాన్ని కల్పిస్తే, మిగిలినవాళ్లు అందులో తలో పాత్రై తిరిగే ఆట. కల్పించేది మరిది. ఆడేందుకు ఒకరు తక్కువయ్యారు.

"వదినా, కాసేపు కూర్చోవా? నువ్వు వైద్యురాలివి."

"పదో తరగతి కూడా దాటనిదాన్ని, నేనేం వైద్యురాల్ని?"

"రాక్షసుడు సర్టిఫికెట్లు అడగడులే."

ఉయ్యాల కనబడేలా గుమ్మం పక్కన చతికిలబడింది. మరిది లోకంలో మంత్రాలకు మహా కరువు. అరుదుగా ఉంటేనే వాటికి విలువట. వైద్యురాలికి ఆట మొత్తానికీ ఒక్కటే మంత్రం, పోయే ప్రాణాన్ని నిలబెట్టేది.

గుహలో రాక్షసుడు కళ్లజోడబ్బాయిని కొట్టి పడేశాడు.

"అక్కా, మంత్రం! పోతున్నా!"

"ఉండు, ఆకుపసరేదైనా పనిచేస్తుందేమో."

ఆకుపసరు పనిచెయ్యలేదు. అతను పోయాడు. వెనకే లావుపాటి అబ్బాయీ పోయాడు. మంత్రం మాత్రం చెక్కు చెదరలేదు.

"పోయేటప్పుడు మూటగట్టుకుపోతావా అక్కా?" అన్నాడు లావుపాటి అబ్బాయి. "ఎవరికోసం దాచావు?"

"పాపకి."

"ఆటలో పాప లేదు వదినా!"

"లోపల ఉందిగా. ఒక్కటే ఇస్తే ఏ తల్లి ఖర్చుపెడుతుంది అబ్బాయ్?"

నవ్వబోయినవాళ్లు ఆగిపోయారు.

"అందుకే వీధికో మంత్రగాడుండాలని మొత్తుకున్నా," అన్నాడు కళ్లజోడబ్బాయి.

"అప్పుడు చావంటే భయముండదు. ఇంక ఆటేముంది, నీ మొహం!" అన్నాడు మరిది.

వాదన ముదిరింది. ఆమె గోడకు తల ఆనించి, కళ్లు మూసుకునే అంది. "ప్రాణం పోసేవి అరుదుగానే ఉంచుకోండి. చిన్నదొకటి మాత్రం అందరికీ ఇవ్వండి. ఒకరు కాపలా కూర్చుంటే ఇంకొకరికి నిజంగా నిద్రపట్టే మంత్రం."

"దానికి మంత్రమెందుకు వదినా? ఎవరైనా చేస్తారు."

"చేస్తారా?"

దెప్పిపొడవడానికి కాదు, తెలియకే అడిగింది.

మరిది పాచికలు కింద పెట్టి లేచాడు. ఉయ్యాల దగ్గరికెళ్లి, పాప ముక్కు కింద జాగ్రత్తగా వేలు పెట్టాడు.

"వెచ్చగా ఉంది."

"కాసేపాగి మళ్లీ చూడు."

"చూస్తా. నువ్వు పడుకో."

"తర్వాత వంతు నాది," అన్నాడు చచ్చిపోయిన కళ్లజోడబ్బాయి.

ఆమె అక్కడే చాప మీద ఒరిగింది. చెవులు మాత్రం ఉయ్యాల దగ్గరే ఉన్నాయి. "వెచ్చగానే ఉంది వదినా," అని వినబడితే ఊఁ కొట్టింది. రెండోసారి చెప్పినప్పుడు ఊఁ వినబడలేదు.

మీకు తెలిసిన ఇంట్లో పసిబిడ్డ ఉంటే ఇవాళ ఓసారి వెళ్లండి. బిడ్డను అందరూ చూస్తారు. తల్లి కాసేపైనా పడుకుందో లేదో మీరు చూసి రండి.