విస్తట్లో లేని రాయి

డెబ్బై దాటినా అడకత్తెర ముట్టని మనిషి పాండురంగయ్యగారు. పగలు వన్‌టౌన్‌లో చేనేత బట్టల దుకాణం, సాయంత్రం సత్రంలో పురాణం చదివి అర్థం చెప్పడం ఆయన వ్రతం. చదవడం ముగిశాక ఎవరో ఒకరు ఎండు వక్క అందించేవారు. దాన్ని దవడకింద పెట్టి ఆయన ఫట్టున పగలగొడితే జనం ముచ్చటపడేవారు. భగవంతుడిచ్చిన పళ్ళని ఆయన వినయంగానే అనేవారు. ఆ వినయంలో గర్వం పాలే ఎక్కువ.

కార్తిక వనభోజనాలనాడు మైలవరం తోటలో పులిహోర నోట పెట్టుకోగానే ఆయన దవడపన్ను పుటుక్కుమంది. ముక్క విస్తట్లో పడింది. పంక్తి అంతా ఇటే చూసింది. రాయి తగిలిందో లేదో ఆయనకే తెలియదు. నాలుక మాత్రం ముందే పలికింది.

"రాయి! బియ్యం ఏరకుండానే వండావా?" అని వంటావిడ పద్మావతమ్మను గద్దించారు.

"రెండుసార్లు ఏరానండీ. ఏదీ, ఆ రాయి చూపించండి."

"మింగేశాను. పొట్ట కోసి చూపించమంటావా?"

పంక్తిలో నవ్వులు రేగాయి. సత్రం పెద్ద వెంకటకృష్ణారావుగారు అక్కడికక్కడే ఆవిడను అన్నదానం వంటనుంచి తప్పించారు.

మూడోనాడు పంటి డాక్టరు వినీల అద్దం పట్టి చూపింది.

"రాయి కాదు తాతగారూ. పైనున్న ఎనామిల్ ఎముకకన్నా గట్టిది, కానీ వంగదు, చిట్లుతుంది. కిందనున్న డెంటిన్ కాస్త మెత్తన, దెబ్బ ఓర్చుకునేది అదే. మీరు వక్క కొరికినప్పుడల్లా సన్నని చీలిక ఇంకొంచెం లోపలికి దిగింది. చూడండి, చీలిక అడుగుదాకా తాంబూలం మరకే. మొన్న పుట్టినదానికి ఇంత మరక పట్టదండీ. మెత్తని అన్నానికైనా విరిగేదే."

"ఈ సంగతి బయట ఎవరికీ..." అనబోయి, ఆ మాటకే ఆయన తల దించుకున్నారు.

అటునుంచి నేరుగా పద్మావతమ్మ ఇంటికి వెళ్ళారు. వంటింటి గుమ్మంలో నిలబడి, గొంతు తగ్గించి, తప్పు తనదేనన్నారు. ఆవిడ పప్పు ఎనుపుతూనే ఉంది.

"తిట్టేటప్పుడు మైకు లేకుండానే తోటంతా వినిపించారుగా పెద్దయ్యగారూ? ఇప్పుడు నాకే సరిగ్గా వినపడటంలా."

ఆ సాయంత్రం సత్రంలో ఆయన గ్రంథం విప్పలేదు. లేచి నిలబడి జరిగింది జరిగినట్టు చెప్పారు. రాయి మింగానన్నది అబద్ధమని చెప్పేటప్పుడు ఎవరి ముఖమూ చూడలేకపోయారు.

"పోనీలెండి, పెద్దవారు. ఎవరికి జరగదు? చదవండి," అన్నారు వెంకటకృష్ణారావుగారు. అందరూ తలలూపారు. పద్మావతమ్మను తప్పించిన రోజునా ఇంత తేలికగానే ఊపారు. ఆ క్షమ పాండురంగయ్యగారికి ఆవిడ మాటకన్నా లోతుగా గుచ్చుకుంది.

"ముందు మీరు వెళ్ళి ఆవిడను పిలవండి. మళ్ళీ వండుతానని ఆవిడంటేనే నేను చదువుతాను," అని పీట దిగి, వెనక వరసలో కూర్చున్నారు.

"రానంటేనో?" అన్నారెవరో.

పాండురంగయ్యగారు కండువా తీసి నేలమీద పరిచి, ఆ వెనక వరసలోనే సర్దుకుని కూర్చున్నారు.