కోళ్లతో పాటు వచ్చిన ఆచారం

ఇంటి ముందు నల్లా కింద గొంతుక్కూర్చుని మంగీలాల్ మోచేతులు మళ్లీ రుద్దుకుంటున్నాడు. మొదట పారిన నీళ్లు నల్లగా పోయాయి, తర్వాత బూడిద రంగులో, ఇప్పుడు పప్పుచారులా పోతున్నాయి. చెవుల వెనక, గోళ్ల మూలల్లో, కనురెప్పల అంచున ఉన్న బొగ్గును ఆయన ఎప్పుడో వదిలేశాడు. అది మాత్రం ఆయన్ని వదల్లేదు. పేరులో లాల్ ఉన్నా, నైట్ షిఫ్టు దిగేసరికి మనిషి పూర్తిగా కాలా.

పాల్వంచ థర్మల్ ప్లాంటులో బొగ్గు పోయే బెల్టు పక్కన ఆయన డ్యూటీ. బెల్టు మీంచి జారిన బొగ్గును పారతో ఎత్తి మళ్లీ బెల్టు మీద వేయడం. బొగ్గు ముందుకు పోయి మంటవుతుంది, కరెంటై ఎక్కడెక్కడి ఊళ్లకో ప్రయాణం కడుతుంది. మంగీలాల్ మాత్రం నిలబడ్డ చోటే నిలబడి ఉంటాడు. పెళ్లయిన కొత్తలో పట్టుకున్న పార అది. కాంట్రాక్టర్లు మారారు, పారకు కర్రలు మారాయి, పట్టిన చేతులు మారలేదు.

తుడుచుకుని, మొలతాడుకు కట్టుకున్న తాళంచెవితో తలుపు తీశాడు. ఆ కిరాయి ఇంటికి తాళంచెవులు మూడు, మనుషులు ముగ్గురు. భార్య సైదమ్మ బూర్గంపాడు దగ్గర ఆడపిల్లల హాస్టల్లో వంట చేస్తుంది. తెల్లవారకముందే పోతుంది, వారంలో సగం రాత్రులు అక్కడే పడుకుంటుంది. కూతురు భార్గవి కొత్తగూడెంలో ఒక ప్రైవేటు దవాఖానాలో నర్సు. సంసారం ఒక బండి అంటారు పెద్దలు. వీళ్లది షిఫ్టు బండి: ఒకరు ఎక్కాలంటే ఇంకొకరు దిగాలి.

పొయ్యి మీద గిన్నెలో వంకాయ కూర ఉంది. నిలబడే రుచి చూశాడు. భార్య మనసు ఆయనకు కూరలోనే తెలుస్తుంది. ఉప్పు ఎక్కువైతే తొందర, తక్కువైతే కోపం. ఈరోజు సరిగ్గా పడింది. అంటే రాత్రి పిల్ల తల్లికి ఫోన్ చేసి ఉంటుంది.

ప్లాంటులో చెవులు పగిలే మోత. ఇంటికి వస్తే చెవులు పగిలే నిశ్శబ్దం. ముగ్గురూ ఒక్కచోట చివరిసారి నిలబడింది ఓట్ల నాడు, తండా బడి ముందు లైన్లో. వేలి మీద సిరా చుక్క పోయి కూడా చాలా కాలమైంది. ఆ తర్వాత ఒకసారి మంగీలాల్ ధైర్యం చేసి ఫోన్లో అడిగాడు.

"ఒక్కసారి ముగ్గురం కూసొని అన్నం తిందమా?"

"ఎందుకు? ఏమన్న పండుగనా?" అంది సైదమ్మ.

"ఉత్తగనే."

"ఉత్తగనే అంటే వార్డెన్ మేడం సెలవిస్తదా?"

నిజమే. సెలవుకు కారణం కావాలి. జ్వరమో, చావో, ఆచారమో ఉండాలి. ఒళ్లో జ్వరం లేదు, చావు మన చేతిలో లేదు. మిగిలింది ఆచారం. అప్పటికే వెనక జాగాలో కోళ్లు పెంచుకోవాలని ఆయనకో కోరిక. కూతురు లేని ఇంట్లో కనీసం కూతైనా వినపడుతుందని. రెండింటినీ కలిపి ముడేశాడు.

"కోళ్లు తెస్తున్న. తెచ్చిన్నాడు పొద్దూకకముందే ఇంట్ల మనుషులంత ఒక్కకాడ నిలబడి, తలా పిడికెడు గింజలు చేత్తోని వెయ్యాలె. ఒక్క చెయ్యి తక్కువైనా కోడి గది నా ఇల్లు కాదనుకుంటది. పారిపోతది."

ఆచారం అనగానే సైదమ్మ విచారణ మొదలుపెట్టింది. "గిదేం ఆచారం? మా తండాల లేదే!"

"మా తండాల ఉన్నది. మా అమ్మ చేసేది."

నిజానికి వాళ్లమ్మ జన్మలో కోడిని పెంచలేదు. ఎవరి కోడైనా వాకిట్లో అడుగు పెడితే చీపురు విసిరేది. తండా మొత్తం మీద కోళ్లకు భయం ఉన్న ఇల్లు అదొక్కటే. అబద్ధమాడే అలవాటు లేని మనిషి కావడంతో, మొదలుపెట్టాక ఎక్కడ ఆపాలో మంగీలాల్‌కు తెలియలేదు. "మా అమ్మమ్మ గూడ చేసేది," అని కూడా అనేశాడు.

ఆ రోజు ఇదే. ఈ రాత్రి డ్యూటీ తోటి పనివాడు కోటేష్‌తో మార్చుకున్నాడు. కూరన్నం తిని, కొత్త వెదురు గంప చంకన పెట్టుకుని బస్సెక్కాడు.

జూలూరుపాడు అంగట్లో కోళ్లు అమ్మేది ఎక్కడో అడవి ఊరి నుంచి వచ్చిన ఒక ముసలామె. కాళ్లు కట్టిన కోళ్లను గోనెసంచి మీద వరసగా పడుకోబెట్టింది. మంగీలాల్ ఒక ఎర్రపెట్టను రెండు చేతులతో ఎత్తి గుండెకు ఆనించుకున్నాడు. ఆమె పగలబడి నవ్వింది.

"గట్ల పట్టుకుంటరా కొడుకా, పసిపిల్ల లెక్క! కోళ్లు సాకుడు మొదటిసారా?"

"అవ్, అవ్వా."

"మొకం జూస్తెనే తెలుస్తంది. ఇను. పెట్ట పెట్టాలంటే ముందు నువ్వు పెట్టాలె. నూకలు, నీళ్లు. మాపటికి గంప కిందికి తోలాలె. గంతే."

"కొత్త ఇంట్ల ఉంటయా? పారిపోవా?"

"తిండి దొరికిన కాడ ఉంటయి. మనుషులు గాదుగద, తిండి కోసం ఇల్లిడిసి పోనీకి."

ఎర్రపెట్ట, మెడ మీద ఈకలు లేని బోసిమెడ పెట్ట, తోక ఇంకా పూర్తిగా రాని పుంజు. గంపలో మూడు కోళ్లు, మనసులో గంపెడాశ. పైన పాత చీరముక్క కప్పి బస్సెక్కాడు.

కండక్టరమ్మ గంప వైపు చూసి ఆగింది. "ఏందన్నా లోపల?"

"కోళ్లు."

"పెట్టలైతే ఫ్రీ. ఆధార్ కార్డు చూపియ్యమను. పుంజుకు మాత్రం టికెట్ కొట్టాల్సిందే."

బస్సంతా నవ్వింది. మంగీలాల్ కూడా నవ్వాడు గానీ, నవ్వు సగంలో రొమ్ము ఎడమ పక్క ఎక్కడో ఇరుక్కుంది. తేన్పు రాలేదు. గ్యాస్ అనుకున్నాడు. ప్లాంటులో అందరినీ పట్టేది బొగ్గు, తనను మాత్రం గ్యాస్ పట్టుకుంది. భార్గవి రెండు మూడుసార్లు పోరింది, "బాపూ, ఒక్కసారి వచ్చి ఈసీజీ తీపించుకో" అని. "నేనొచ్చిన్నాడు నీకు డ్యూటీ ఉండదు, నీకున్న నాడు నాకుంటది," అన్నాడు. అదీ అబద్ధం కాదు.

కొత్తగూడెంలో బస్సు మారాడు. పాల్వంచ బస్సు భార్గవి పనిచేసే దవాఖానా ముందు నుంచే పోతుంది. పై అంతస్తు కిటికీల వెంట తెల్లకోటు ఏదైనా కదులుతుందేమోనని చూశాడు. ఒక కిటికీలో ఎవరో తువ్వాలు ఆరేస్తున్నారు. బస్సు ముందుకు పోయింది. ఒళ్లో గంప సన్నగా కదిలింది. అందులోంచి వచ్చే వేడి తొడలకు తెలుస్తూనే ఉంది. ఇంటికి ఆయన ఒళ్లో ఏదైనా వేడిగా పెట్టుకుని వెళ్లి ఎన్నేళ్లయిందో. భార్గవిని పురిటింటి నుంచి తెచ్చిన బస్సు గుర్తొచ్చింది. అప్పుడూ ఇట్లాగే గతుకు వచ్చిన ప్రతిసారీ ఒళ్లు బిగబట్టుకుని కూర్చున్నాడు.

ఇంటి వెనక కోళ్ల కాళ్లకున్న తాళ్లు విప్పాడు. తిమ్మిరెక్కిన కాళ్లతో అవి తూలుతూ రెండడుగులు వేశాయి. పాత డబ్బా మూతలో నీళ్లు పెట్టి, వాటి మీద గంప బోర్లించాడు. చాటలో జొన్నలు పోసి పక్కన పెట్టుకున్నాడు. ఎర్రపెట్ట గంప సందుల్లోంచి ముక్కు బయటపెట్టి చాట వైపే చూసింది. నాలుగు గింజలు వేస్తే ఏమైపోతుంది? చూసేవాళ్లు కూడా లేరు. చెయ్యి చాట దాకా పోయి వెనక్కి వచ్చింది. తను పుట్టించిన ఆచారానికి తనే మొదటి భక్తుడయ్యాడు.

ఫోన్ మోగింది. సైదమ్మ.

"వంట దించిన. బస్సెక్కిన. మేడంకు ఆచారమని చెప్పిన. వాళ్ల దిక్కు గూడ ఇసుంటిదే ఒకటున్నదట, పో పో అన్నది."

"అవునా!" అన్నాడు మంగీలాల్. ఆశ్చర్యం నిజమే.

"కూర తిన్నవా?"

"తిన్న. ఉప్పు మంచిగ పడ్డది."

"సరె," అని ఆమె పెట్టేసింది.

తర్వాత భార్గవి గొంతు పంపింది. మెసేజ్ నొక్కితే దవాఖానా మెట్లు దిగుతున్న చప్పుడు, మధ్యలో ఆయాసపు మాట: "బాపూ, పర్మిషన్ దొరికింది. వస్తున్న. నేను రాకముందు వెయ్యకు, చెప్తున్న!"

దాన్ని మళ్లీ నొక్కి విన్నాడు. ఇంకోసారి విన్నాడు. కోళ్లకు కూడా వినిపించాడు.

వెనక గుమ్మం మెట్టు మీద గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. ఎవరి పిడికిలి ముందు పడాలో ఆలోచించాడు. ముందు పిల్లది. తర్వాత సైదమ్మది. తనది చివర. గింజలు వేశాక వెంటనే లోపలికి పోనివ్వకూడదు. అవి తినేదాకా అందరూ అక్కడే నిలబడాలని ఇంకో నియమం కలపాలి. తర్వాత టీ. ఎడమ చెయ్యి భుజం నుంచి గుంజుతోంది. పార పట్టిన చెయ్యి గుంజకుండా ఉంటుందా. అరచేత్తో రొమ్ము రాసుకున్నాడు. నుదుటి మీద చెమట చల్లగా ఉంది. గంప కింద బోసిమెడ పెట్ట సన్నగా గొణిగింది.

"ఆగు," అన్నాడు మంగీలాల్. "వస్తున్నరు."

సైదమ్మ వచ్చేసరికి ఆయన మెట్టు మీద అలాగే కూర్చుని ఉన్నాడు. తల ఒక పక్కకు వాలింది. నైట్ డ్యూటీ చేసి వచ్చిన మనిషిని లేపకూడదు. ఆ ఇంట్లో నిజమైన ఆచారం ఏదైనా ఉంటే అదొక్కటే. ఆమె చెప్పులు చేతిలో పట్టుకుని అడుగు చప్పుడు కాకుండా లోపలికి పోయింది. గ్లాసు శబ్దం రాకుండా నీళ్లు తాగింది. టీకి పాలు పెట్టింది. గంప దగ్గరికి వచ్చి కోళ్లను చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. పుంజు గొంతు సవరించబోతే "ష్!" అని గదమాయించింది.

భార్గవి గేటు తీసుకుని "బాపూ!" అంటూనే వచ్చింది. తల్లి వేలు పెదవుల మీద పెట్టి సైగ చేసింది.

"లేపకు. రాత్రంత నిద్ర లేదు. పొద్దూకనీకి ఇంక టైమున్నది."

భార్గవి ఆగింది. తండ్రి ఒళ్లో వాలిపోయి ఉన్న చేతిని చూసింది. గోళ్ల మూలల్లో ఎప్పుడూ ఉండే నలుపు కాదు, గోళ్ల కింద ఇంకో రంగు. చేతిసంచి అక్కడే వదిలేసి, మోకాళ్ల మీద కూర్చుని, ఆయన మణికట్టు పట్టుకుంది. పట్టుకునే ఉంది. మెడ మీద వేళ్లు పెట్టింది. పడుకోబెట్టి రెండు చేతులతో రొమ్ము మీద నొక్కింది, చెమటలు కక్కేదాకా నొక్కింది. లోపల పాలు పొంగి పొయ్యి మీద పడ్డ వాసన వచ్చింది. ఎవరూ లేవలేదు.

పొద్దు ఇంకా ఉండగానే జూలూరుపాడు వైపు తండా నుంచి ఆటోలో మంగీలాల్ అక్క చాంది వచ్చింది. ముందు గదిలో చాప మీద తమ్ముడి కాళ్లు పట్టుకుని ఏడ్చింది. ఇరుగుపొరుగు వాకిట్లో నిలబడ్డారు. తెల్లారి తండాకు తీసుకుపోవాలని మాట అయింది. ఏడుపు కాస్త తగ్గిన సందులో వెనక నుంచి కోళ్ల అరుపు వినపడింది.

భార్గవి తలెత్తింది. "అమ్మా. పొద్దూకుతంది. గింజలు."

సైదమ్మ ఆడబిడ్డ వైపు తిరిగింది. "వదినె, ఇయ్యాల వెయ్యొచ్చా? ఇంట్ల గిట్ల అయినంక? అందరం చేత్తోని వెయ్యాలెనన్నడు. మీ అమ్మ చేసేదట గద. మీకెరికె ఉంటది, చెప్పు. ఎట్ల చేసేది?"

చాంది ఎర్రబడ్డ కళ్లతో ఆమెను చూసింది. "మా అమ్మనా?"

"అవ్. కొత్త కోళ్లొస్తే ఇంటోళ్లంత ఒక్కకాడ నిలబడి తలా పిడికెడు. అందుకేనాయె మేమిద్దరం సెలవు పెట్టి ఉరికొచ్చినం."

చాంది నోరు తెరిచింది. ఆమెకు గుర్తున్నది చీపురు. వాకిట్లో ఈకలు రాల్చుకుంటూ పరిగెత్తే పక్కింటి కోడి. తల్లి తిట్లు. గోడ వెనక దాక్కుని నవ్వే తమ్ముడు. చాప మీద పడుకున్న మనిషి వైపు చూసింది. తర్వాత తల్లీకూతుళ్లలా కాక కొత్తవాళ్లలా ఒకరి పక్కన ఒకరు నిలబడ్డ సైదమ్మను, భార్గవిని చూసింది. ఎవరి చేతుల్ని ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టు నిలబడ్డారు.

"అవ్," అంది. "గట్లనే చేసేది అమ్మ. ఇయ్యాల్నే వెయ్యాలె. ఆగొద్దు."

"మరి బాపు చెయ్యి?" అంది భార్గవి.

చాంది కొంగుతో ముక్కు తుడుచుకుంది. "తెచ్చినోని చెయ్యి మొదలే పడ్డట్టు లెక్క. గది గూడ ఆచారమే." మెట్టు దిగుతూ, కాస్త ఆగి, "ఆడబిడ్డది గూడ ఒక పిడికెడు పడాలె," అని చేర్చింది.

గంప ఎత్తారు. చాటలోంచి భార్గవి వేసింది, తర్వాత సైదమ్మ, తర్వాత చాంది. కోళ్లు ఏ చెయ్యి ఎవరిదని చూడలేదు, గబగబా ఏరుకున్నాయి.

"తినేదాక నిలబడాల్నా వదినె?" అని అడిగింది సైదమ్మ.

"నిలబడాలె," అంది చాంది.

ముగ్గురూ నిలబడ్డారు. సైదమ్మ కూతురి భుజం మీద చెయ్యి వేసింది. వాళ్ల తలల మీదుగా దండెం మీద, అంగడి నుంచి వచ్చాక ఆయన ఉతికి పిండకుండానే ఆరేసిన డ్యూటీ చొక్కా ఉంది. మెడ దగ్గర బొగ్గు మరక పోనేలేదు, చేతులు రెండూ కిందికి వేలాడుతున్నాయి, అంచుల నుంచి నీళ్లు ఇంకా ఒక్కో చుక్క రాలుతున్నాయి.