తూకంరాయి రక్తం

ఆ రక్తపరీక్షల గదిలో పెద్ద టెక్నీషియన్‌కు ఒక అలవాటు ఉండేది. రసాయనాల కొత్త డబ్బా విప్పిన ప్రతిసారీ ముందుగా తన రక్తాన్నే యంత్రంలో పెట్టి చూసేవాడు. తన అంకెలు సరిగ్గా వస్తే యంత్రం సరిగ్గా ఉన్నట్టే. మందు చుక్క ముట్టని మనిషి కావడంతో, ఈ గదికి నా రక్తమే తూకంరాయి అని గొప్పగా చెప్పుకునేవాడు.

మరో అలవాటు కూడా ఉండేది. కాలేయం అంకె పెరిగినవాళ్లకు కాగితం అందిస్తూ, "రోజుకి ఎన్ని గ్లాసులేంటి?" అని పదిమందిలో అడిగేవాడు. వరసలో కూర్చున్నవాళ్లు నవ్వేవారు. ఒకసారి ఒక బడి పంతులమ్మను కూడా అలాగే అడిగాడు. ఆవిడ తల వంచుకుని వెళ్లిపోయింది, మళ్లీ రాలేదు.

ఒక సోమవారం ఉదయం అతని రక్తంలోనే ఆ అంకె నాలుగింతలు వచ్చింది. యంత్రాన్ని తిట్టాడు. గొట్టాలు కడిగించాడు, డబ్బా మార్చాడు. రోగుల రక్తాన్ని పక్క వీధి ల్యాబుకు పంపి, మెకానిక్‌ను పిలిపించాడు. మెకానిక్ అంతా విప్పి చూసి లోపమేమీ లేదన్నాడు. వారం రోజులు యంత్రంతో కుస్తీ పట్టాడే గాని, తన ఒంటి మీద అతనికి అనుమానమే రాలేదు.

చివరికి పక్క బల్ల దగ్గర పనిచేసే ఆవిడ తన రక్తం పెట్టి చూసింది. అంకెలు చక్కగా వచ్చాయి.

"అన్నయ్యా, యంత్రం బానే ఉంది," అంది మెల్లగా. "బాగోలేనిది మీకే."

అతను ఎవరికీ చెప్పొద్దని బతిమాలాడు. తనను తాగుబోతు అనుకుంటారని హడలిపోయాడు. ప్రాణం కన్నా పరువు మీదే బెంగ! ఆవిడ వినలేదు, వదినకు ఫోన్ చేసింది. భార్య అతని చెయ్యి పట్టుకుని డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్లింది.

మరికొన్ని రక్తపరీక్షలు చేస్తే హెపటైటిస్ బి అని తేలింది. ఎన్నడో గుచ్చుకున్న సూది వల్ల వచ్చి ఉండవచ్చట. ఇంకా ఆలస్యం చేసి ఉంటే కాలేయం గట్టిపడిపోయేదని, ఇప్పుడైతే మాత్రలతో అదుపులో పెట్టవచ్చని డాక్టరమ్మ చెప్పింది. భార్యకూ కూతురికీ పరీక్ష చేసి టీకాలు వేయించింది.

"ఆ అంకె కాలేయం దెబ్బతిందని చెప్తుంది, అంతే. ఎందుకో చెప్పదు," అంది. "అది వెతకాల్సింది మేము. మీరు ముందే తీర్పు చెప్పేస్తే మా దాకా ఎవరొస్తారు?"

అతనికి ఎనిమిది నెలల కిందట తల వంచుకుని వెళ్లిపోయిన పంతులమ్మ గుర్తొచ్చింది. పాత రిజిస్టరులో చిరునామా వెతికి, ఆ సాయంత్రమే ఆవిడ గుమ్మం ముందు నిలబడ్డాడు. తలుపు తీసిన ఆవిడ కళ్లు పచ్చబడి ఉన్నాయి. అతను తన రక్తపరీక్ష కాగితం తీసి ఆవిడ చేతికిచ్చాడు.

"అమ్మా, ఇది నా కాగితం. నేనూ తాగను," అన్నాడు. "ఆ రోజు తప్పు మాటన్నాను. రేపు డాక్టరమ్మ దగ్గరికి నేనే తీసుకెళ్తాను, రండి."

ఆవిడ వెళ్లింది. వైద్యం మొదలైంది. ఎనిమిది నెలల ముందే వచ్చి ఉండాల్సిందని డాక్టరమ్మ నిట్టూర్చింది. పాఠకులారా, రక్తపరీక్ష జబ్బును ముందుగానే పట్టిస్తుంది. ఆ ఎనిమిది నెలలూ ఆవిడను ఇంట్లో కూర్చోబెట్టింది మాత్రం వరసలో కూర్చున్న మన నవ్వే.