చేయని పనికి సంతకం

“గోరుతో గిచ్చి చూడకుండ సొరకాయ ఎట్ల తెచ్చిండ్రు?” అన్నాను. లోపలంతా గింజలే.

“దాసయ్య లేతదే అన్నడు,” అన్నారు మా ఆయన, నారాయణగూడ మార్కెట్ నుంచి తెచ్చిన సంచీని కొక్కేనికి తగిలిస్తూ.

“అమ్మేటాయన ముదిరిందని చెప్తడా?”

మామూలుగా అయితే, సొరకాయకు కూడా ఆడిట్ పెడతవా అని ఎగతాళి చేసేవారు. ఆ ఆదివారం మాత్రం కుర్చీలో కూర్చుని చొక్కా గుండీ విప్పుతూ, పెడుతూ ఉండిపోయారు. నా గొంతు దానంతటదే తగ్గింది. టీ ఇచ్చి పక్కన కూర్చున్నాను.

మార్చి ఆఖరు. ఆయన ఒక ప్రభుత్వ ఆఫీసులో లెక్కలు చూస్తారు. జిల్లాలో ఒకచోట ఆడపిల్లల హాస్టల్‌కు బాత్‌రూములు కట్టడానికి డబ్బు వచ్చింది. ఇంకా పునాది కూడా తీయలేదు. ఈ నెలాఖరులోగా ఖర్చు కాకపోతే డబ్బు వెనక్కి పోతుంది. అందుకని పని పూర్తయిందని సంతకం చేసి, డబ్బు కాంట్రాక్టర్‌కు ఇచ్చేసి, తర్వాత కట్టించుకోవడం వాళ్ల ఆఫీసులో అలవాటు. రేపే సంతకం కావాలని పైఅధికారి కిషన్ రావు గారు చెప్పారట.

“పెట్టకుంటే ఆయనకు కోపమొస్తది. అది సరే. పైసలు వాపస్ పోతే ఆ పిల్లలకు ఏం చెప్పాలె?” అన్నారు.

ఖాళీ టీ కప్పు అందుకుని వంటింట్లోకి వెళ్లాను.

మధ్యాహ్నం జ్యోత్స్న వచ్చింది. మా ఆడపడుచు కూతురు. అశోక్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి గ్రూప్స్‌కు చదువుతోంది. అక్కడ నీళ్లు సరిగా రావని ఆదివారం తలస్నానం, భోజనం మా చిక్కడపల్లి ఇంట్లోనే.

“ట్యాంకుల నీళ్లన్నీ నీకేనా ఏందే?” అని మా అత్తగారు బాత్‌రూము తలుపు కొట్టారు.

జ్యోత్స్న తడి జుట్టుకు తువ్వాలు చుట్టుకుని వచ్చి కంచం ముందు కూర్చుంది. “ఊకో అమ్మమ్మ. బళ్లె చదివేటప్పుడు తెల్లారకముందే బోరు కాడికి ఉరికేటోళ్లం. హాస్టల్‌కు బాత్‌రూములు కట్టుండ్రని మా వార్డెన్ మేడం ఎన్ని అర్జీలు పెట్టిందో. మీకు ఎప్పుడో కట్టినట్టు కాయితాలల్ల ఉంది, మళ్లెందుకిస్తం అని ఆఫీసోళ్లు అన్నరంట.” నవ్వుతూనే చెప్పి, పప్పు కోసం కంచం జరిపింది.

“మరి ఆఖరికి కట్టిండ్రా?” అని అడిగారు మా ఆయన.

“ఏడ మామా? నేను టెన్త్ అయిపోయి వచ్చేదాంక బోరే.”

ఆయన చెయ్యి అన్నంలోనే ఆగింది. నేను కొంచెం నెయ్యి వేసి, “చల్లారుతున్నది, తినుండ్రి,” అన్నాను.

ఆయన జ్యోత్స్న వైపు చూసి, నా వైపు తిరిగారు.

“రేపు నేను సంతకం పెట్టను. పని మొదలే కాలేదని రాస్త. పైసలు వాపస్ పోనీ. కొత్త బడ్జెట్ల మళ్ల ఇయ్యుండ్రని అడుగుడు నా పని. ఇచ్చేదాంక తిరుగుత.”