రెండో సజ్దా తర్వాత

వాన.

రేకుల మీద వాన. చినుకు చినుకుగా మొదలై, చినుకుకీ చినుకుకీ మధ్య సందు లేకుండా పోయిన వాన. లెక్కకి లొంగని వాన.

లోపలి గదిలోంచి ఆమె ఏదో అడిగింది. వసారాలో కూర్చున్న ఆయనకి "ఎంతయింది?" అని వినిపించింది. గోడ గడియారం చూశాడు.

"రెండున్నర!" అని అరిచాడు.

లోపల్నుంచి ఆమె గొంతు వచ్చింది.

"రెండున్నర రకాతులేమిటండీ! అర రకాతు ఎక్కడైనా ఉందా?"

ఆమె అడిగింది ఎంతయిందని కాదు — ఎన్నయ్యాయని. నమాజు ముగించి, సలాం చెప్పి, భయంగా అడిగింది. నిలబడి, వంగి, రెండుసార్లు నుదురు నేలకి ఆనించి సజ్దా చేస్తే ఒక రకాతు. మధ్యాహ్నపు నమాజుకి అలాంటివి నాలుగు. మూడు కాదు, అయిదు కాదు.

"నేను చూళ్ళేదోయ్," అన్నాడాయన.

ఆమె మళ్ళీ లేచి నిలబడింది. మళ్ళీ మొదటి నుంచి.

ఆ మధ్యాహ్నానికి అది ఆరోసారి.

ఆయన బస్సు కండక్టరు. పేరు ఇంటివాళ్ళకే తెలుసు. రూటు మొత్తానికి ఆయన 'హోల్డాన్'. ఆ కేక వేస్తే తన బస్సే కాదు, ఎదురొచ్చే బస్సు కూడా ఆగుతుందని డ్రైవరు ఏడిపిస్తాడు. ఆమె వీధిలో ఆడవాళ్ళకి మసలాలు నేర్పే టీచరమ్మ. వంటింటి మసాలాలు కావు — ఆరాధనలో ఏది చెల్లుతుంది, ఏది చెల్లదు, నీళ్ళు ఎంతవరకు తగలాలి, మరిచిపోతే ఏం చెయ్యాలి, అవీ మసలాలు.

"మనిద్దరిదీ ఎక్కించే ఉద్యోగమే," అంటాడాయన. "నేను బస్సుకి, నువ్వు బుర్రకి. కాకపోతే నా దగ్గర ఎక్కినవాళ్ళు దిగిపోతారు."

మూడు నెలల కిందట ఆమెకి మెదడు జ్వరం వచ్చింది.

జ్వరం దిగింది. దానితోపాటు లెక్క కూడా దిగిపోయింది — ఏ స్టాపులోనో, ఎవరికీ చెప్పకుండా.

మిగతావన్నీ ఉన్నాయి. ఖురాన్ సూరాలు అక్షరం పొల్లుపోకుండా ఉన్నాయి. చుట్టాల ముఖాలు ఉన్నాయి. పెళ్ళయిన కొత్తలో ఆయన చేసిన తప్పులు తేదీలతో సహా ఉన్నాయి.

లేనిదొక్కటే. ఇప్పుడు చేస్తున్నది ఎన్నోది అన్న సంగతి.

నుదురు నేలకి ఆనుతుంది. లేస్తుంది. ఇది మొదటిదా... రెండోదా... లోపల వెతుక్కుంటుంది. లోపల వాన.

అనుమానానికి మసలా లేకపోలేదు. ఎందరికో ఆమే చెప్పింది. మనసు ఎటు మొగ్గితే అటు. ఎటూ మొగ్గకపోతే తక్కువ లెక్క పట్టుకోవాలి. చివర్లో మరపు కోసం రెండు సజ్దాలు చెయ్యాలి. మరపుకి కూడా ఒక మర్యాద ఉంది.

కానీ ఆమెది మూడా నాలుగా అన్న అనుమానం కాదు. ఒకటా నాలుగా. తక్కువ లెక్క పట్టుకుంటే ఎప్పుడూ ఒకటే. ఒకటి... ఒకటి... ఒకటి... ముగింపు లేని నమాజు.

మోకాళ్ళు వాచాయి.

ఆయన వసారాలో కూర్చుని, చాప మీద ఆమె లేచే చప్పుడు వింటాడు. ప్రతిసారీ చాపకి తెలుస్తుంది. మోకాలికి తెలుస్తుంది. ఆమెకి తెలియదు.

వాన వెలిసిన పూట ఆయన మసీదుకి వెళ్ళాడు. ఇమాం గారు తడిసిన చాపలు పిట్టగోడ మీద ఆరేస్తున్నారు.

"హజ్రత్, ఒక ప్యాసింజరు సమస్య."

"ఎవరా ప్యాసింజరు?"

"మా ఇంటావిడే. ఏ స్టాపు దాటిందో గుర్తుండట్లేదు."

నవ్వించబోయి ఆగిపోయాడు. మిగతాదంతా చాప కొస పట్టుకుని చెప్పాడు. ఇమాం గారు నవ్వలేదు. చేతులు తుడుచుకుని, లోపలికి వెళ్ళి, అట్టలూడిన పుస్తకం తెచ్చి, చాలాసేపు పేజీలు తిప్పారు.

"జబ్బు వల్ల రకాతుల లెక్క నిలవని మనిషి మీద అంత భారం లేదయ్యా. అయినా నమాజు చదువుకుంటానంటే, పక్కన ఒకరు కూర్చుని చెబుతూ ఉండొచ్చు. అలా చదివితే చెల్లాలి అని రాశారు పెద్దలు."

"చెల్లుతుంది అనా?"

"చెల్లాలి అని."

"మా డిపోలో ఇలా రాసిస్తే ఎవరూ ఒప్పుకోరు హజ్రత్."

"అది డిపో. ఇది దేవుడి తరఫున చెప్పే మాట. గట్టిగా అనడానికి భయపడ్డారు. ఆశ పెట్టుకోడానికి భయపడలేదు."

ఆ మాటని ఆయన గుప్పిట్లో పెట్టుకున్నట్టు ఇంటికి తెచ్చాడు.

ఆమె ఒప్పుకోలేదు.

"బయటివాళ్ళు మాట అందిస్తే నమాజు చెడిపోతుంది. ఇరవై ఏళ్ళుగా నేను చెబుతున్నది అదే."

"అప్పుడెప్పుడో నన్ను ఓ ఇంటివాణ్ణి చేశావు. ఇప్పుడు బయటివాణ్ణయిపోయానా?"

"నమాజుకి బయట. ఇంటికి కాదు."

"జబ్బుమనిషికి వేరే మసలా ఉందట."

"నాకేం జబ్బు?"

ఆయన ఆమె మోకాళ్ళ వైపు చూశాడు.

ఆమె కూడా చూసుకుంది.

"గట్టిగా అరవకండి," అంది.

జన్మలో గుసగుసలాడని మనిషి. గొంతు తగ్గించడమంటే ఆయనకి ఏనుగుని సందులో తిప్పడం. అయినా తగ్గించాడు. "ఒకటో సజ్దా..." అన్నాడు. "రెండో సజ్దా... ఇప్పుడు లే... ఇది రెండో రకాతు..." ఆమె వీపు నిటారయింది. రెండో రకాతు చివర కూర్చోవాలి. ఆమె మరిచిపోయి లేవబోయింది. మోకాలు నేల విడిచింది...

"హోల్డాన్!"

రేకులు అదిరాయి.

ఆమె నవ్వింది. పెదాలతో కాదు, పొట్ట పట్టుకుని, చాప మీద పక్కకి ఒరిగిపోయి, గదంతా వినిపించేలా. మూడు నెలల తర్వాత.

"నమాజూ పోయింది... వజూ కూడా పోయిందండీ," అంది ఊపిరాడక. "నమాజులో ఇలా పైకి నవ్వితే రెండూ పోతాయి... మసలా..."

నవ్వుతూనే మళ్ళీ వజూకి, ముఖమూ కాళ్ళూ చేతులూ కడుక్కోడానికి వెళ్ళింది. కుళాయి కింద నీళ్ళు. నీళ్ళలో నవ్వు. ఆయన గోడకి తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

రెండోసారి నాలుగూ సరిగ్గా నాలుగు.

తొమ్మిది రోజులు అలా గడిచాయి. ఆమె జబ్బుకని ఆయన పెట్టిన సెలవు అయిపోయింది. పొద్దుటిదీ రాత్రివీ ఇంట్లో ఉండి అందిస్తాడు. మరి మధ్యాహ్నం? సాయంత్రం? అప్పుడు ఆయన బస్సులో ఉంటాడు.

"నీ దగ్గరికొచ్చే ఆడవాళ్ళలో ఎవరికైనా చెప్పు."

"చెప్పను."

"ఎందుకని?"

"సొంత నమాజు లెక్క తెలియని మనిషి దగ్గర ఇంకెవరు నేర్చుకుంటారండీ? జ్వరం ఇంకేం మిగిల్చింది నాకు? ఆ 'టీచరమ్మా' అన్న పిలుపొక్కటేగా."

సోమవారం ఆయన ఖాకీ వేసుకుని గుమ్మంలో నిలబడ్డాడు. వెళ్ళలేక నిలబడ్డాడు. ఆమె సంచి అందించి, "మీ బస్సు వెళ్ళిపోతుంది," అంది.

మధ్యాహ్నం ఆరుగురు ఆడవాళ్ళు వచ్చారు. గొడుగులు గుమ్మం పక్కన నీళ్ళు కారుస్తున్నాయి. జ్వరం తర్వాత అదే మొదటి పాఠం. వాళ్ళలో బట్టలు కుట్టే దర్జీ ఆమెది పక్కిల్లే, మధ్యలో ఒకే గోడ. కూర్చోకముందే మొదలెట్టింది.

"టీచరమ్మా, మీ ఆయనకి బస్సు పిచ్చి ఇంటిదాకా వచ్చిందా? మీరు నమాజులో ఉంటే లే, కూర్చో అని డ్యూటీ వేస్తున్నాడు. మొన్న హోల్డాన్ అంటే కుట్టు మిషను మీద నా కాలు ఆగిపోయింది!"

అందరూ నవ్వారు. ఆసుపత్రిలో పనిచేసే నర్సమ్మ మాత్రం నవ్వలేదు.

"నవ్వుతారేంటే. అలా పక్కనుంచి అందిస్తే నమాజు చెడిపోతుందని మనకి చెప్పింది టీచరమ్మే కదా."

నవ్వులు ఆగాయి. ఆరు ముఖాలు ఆమె వైపు తిరిగాయి.

ఒక్క మాట చాలు. ఆయనకి వేళాకోళం ఎక్కువమ్మా అంటే సరిపోతుంది. నమ్ముతారు. ఆ మనిషి అలాంటివాడే. పాఠం నడుస్తుంది. పిలుపు మిగులుతుంది.

నోటి చివరిదాకా వచ్చింది ఆ మాట.

ఆ మాట అంటే ఆయన పిచ్చివాడవుతాడు. ఈ మధ్యాహ్నం నమాజు ఏమవుతుందో ఆమెకి తెలుసు. ఒకటి... ఒకటి... ఒకటి...

"నేను చెప్పింది నిజమే," అంది. "నేను చెప్పనిది ఇంకొకటి ఉంది. అందరూ వినండి."

చెప్పింది. జబ్బుమనిషి మసలా చెప్పింది. పాఠం చెప్పినట్టే, మెల్లగా, విడమరిచి. ఆ జబ్బుమనిషి ఎవరన్నది ఒక్కటి చెప్పడానికి మాత్రం కొంగు చివర రెండుసార్లు చుట్టి, రెండుసార్లు విప్పాల్సి వచ్చింది.

"ఆయన నన్ను ఆటపట్టించట్లేదు. నాకు లెక్క నిలవట్లేదు. నా లెక్క ఆయన మోస్తున్నాడు."

గొడుగుల నీళ్ళు గుమ్మం దాటి లోపలికి పాకాయి.

దర్జీ ఆమె తల దించుకుంది. "నా నోటికి నేనే కుట్టు వేసుకోవాలి," అంది.

"వద్దు. ఆ నోరు ఇప్పుడు కావాలి. నా పక్కన కూర్చుంటావా? మిగతావాళ్ళు మీ నమాజు తర్వాత చదువుకోండి."

చాప పరిచింది. చేతులెత్తింది. నిలబడింది.

దర్జీ ఆమె గొంతు సవరించుకుని, దారం సూదిలోకి ఎక్కించేంత జాగ్రత్తగా మొదలెట్టింది. "ఒకటో సజ్దా... రెండోది... లేవండి..." మళ్ళీ నిలబడటం. మళ్ళీ వంగడం. మళ్ళీ నేల. "ఒకటో సజ్దా... రెండోది..."

ఆగిపోయింది.

ఇది రెండో రకాతా? మూడోదా? భయంలో తనకీ లెక్క జారిపోయింది. వెనక్కి తిరిగి చూసింది. నర్సమ్మ రెండు వేళ్ళు చూపించింది. ఆమె పక్కనున్నామె మూడు చూపించబోయి, తడబడి, ఒకటి మడిచింది. మిగతావాళ్ళు ఒకరి చేతుల్ని ఒకరు చూసుకుంటున్నారు.

నుదురు నేలకి ఆనించి, కళ్ళు మూసుకుని, టీచరమ్మ ఎదురుచూస్తోంది. ఏమీ అడగలేదు. నమాజులో అడగకూడదు.

"రెండే టీచరమ్మా," అంది దర్జీ ఆమె, సగం గొంతుతో. "రెండే. కూర్చోండి."

ఆమె కూర్చుంది.